కాళ్ళ ముందు పెట్టిన రాయి

పసుపులేరు పొంగి వాగు ఒడ్డు వాడలో నడుము లోతు నీళ్ళు నిలిచిన ఏడు ఒకటుంది. దాని తర్వాత రెండో ఏడు జరిగిన ముచ్చట ఇది. మెదకులో ఆ వాడవాళ్ళు పిల్లల వయసులు కూడా ఆ వాగుతోనే లెక్క కడతారు. ఫలానావాడు వాగుకు ముందు పుట్టాడు, ఫలానాది వాగు పోయినాక పుట్టింది అని.

ఆ వాగు పోతూ పోతూ వాడలోని చిన్న బడి పడమటి గోడను పడగొట్టి పోయింది. మిగిలిన మూడు గోడలు నిలబడ్డాయి. నీళ్ళు తీసిన నాడు జనం వచ్చి ఆ మూడు గోడలనూ చేత్తో తట్టి చూశారు.

"గాబ్రియేలు మేస్త్రి కట్టిన గోడ గట్లనే ఉంటది. గంత వాగొచ్చినా మూడు నిలవడ్డయి సూడుండ్రి" అన్నారు.

గాబ్రియేలు అక్కడే ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం ఎవరికీ కొత్త కాదు.

ఆయనకు అప్పటికి అరవై దాటాయి. కరువు నాడు ఊళ్ళో క్రైస్తవుల పెద్ద గుడి కడుతుంటే ఆయన తండ్రి అక్కడ రాళ్ళు మోసి మోసి, చివరికి రాయి పేర్చే పని నేర్చుకున్నాడు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్నాడు. భార్య దానమ్మ బతికి ఉన్న రోజుల్లో, "మా ఇంట్ల ఐదు గోడలున్నయి. అండ్ల ఒకటి లేచొచ్చి బువ్వ తింటది" అని నలుగురిలో నవ్వేది. గాబ్రియేలు దానికి కూడా ఏమీ అనేవాడు కాదు.

పనిలో తప్పు దొరికినా నోరు విప్పడు. ఆయన పద్ధతి వేరు. ఎవరైనా పేర్చిన రాయి సరిగ్గా కూర్చోకపోతే సుత్తె పిడితో దాన్ని రెండుసార్లు తడతాడు. గోడలోంచి బయటికి తీస్తాడు. తెచ్చి పేర్చినవాడి కాళ్ళ ముందు పెట్టి పోతాడు. అంతే. మెదకు చుట్టుపట్ల రాతిపని చేసేవాళ్ళందరికీ దాని అర్థం తెలుసు. కాళ్ళ ముందు రాయి పడిన మనిషికి ఆ పూట అన్నం సయించదు. రాళ్ళు చెక్కే నర్సింగం ముప్పై ఏళ్ళుగా ఆయనతో కలిసి పనిచేస్తున్నాడు. "తిడితె దులుపుకొని పోవచ్చు. రాయిని యాడ దులుపుకుంటం?" అనేవాడు.

వాగు పోయినాక బడి రెండేళ్ళు మూడు గోడలతోనే నడిచింది. పడమటి దిక్కు తడిక కట్టారు. మధ్యాహ్నం ఎండ పలకల మీద పడేది, వాన పిల్లల మీద పడేది.

అప్పుడొచ్చింది కబురు. ఎనిమిది దేశాల బళ్ళు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయట. ఒక దేశం పిల్లలు ఇంకో దేశం పోయి, అక్కడి పిల్లలతో కలిసి ఉండి, ఆ ఊరికి పనికొచ్చే పని ఏదైనా తమ చేతులతో చేసి రావాలట. ఊళ్ళో పెద్దబడి హెడ్మాస్టరు ఆశీర్వాదం సారు ఆ సంఘానికి రెండేళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, పన్నెండు మంది పిల్లలను మెదకుకు రప్పించాడు. నాలుగు వారాలు ఉంటారు. పని ఏమిటంటే వాగు ఒడ్డు బడి పడమటి గోడ. పిల్లలతో లార్సెన్ దొర అనే పంతులు వచ్చాడు. పని పూర్తయిందని ఆయన రాసి పంపితే ఆశీర్వాదం సారు బడిని కూడా సంఘంలో కలుపుకుంటారు. కలుపుకుంటే వచ్చే ఏడు మెదకు నుంచి ఇద్దరు పిల్లలు ఇట్లాంటి పనికే ఓడెక్కి సిలోను పోతారు.

ఆ ఇద్దరిలో ఒక పేరు అప్పుడే ఖాయమైంది. గాబ్రియేలు కొడుకు బిడ్డ లిడియా. తల్లీ తండ్రీ చేగుంటలో పనిచేస్తుంటే చదువు కోసం తాత దగ్గరే ఉండేది. పదో తరగతి. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. అందుకని వచ్చిన పిల్లలకూ మేస్త్రికీ నడుమ మాట చెప్పే పని ఆమెకే పెట్టారు. తాత మిగిల్చిన మాటలన్నీ మనవరాలికి వచ్చాయని వాడలో అనుకునేవాళ్ళు.

పని మొదలయ్యే ముందు రోజు ఆశీర్వాదం సారు స్వయంగా ఇంటికి వచ్చాడు.

"మేస్త్రీ, వాళ్ళు కూలోళ్ళు గాదు, చదువుకునే పిల్లలు. మనింటికొచ్చిన సుట్టాలు. పని తప్పొయినా జర ఏమనకుండ్రి."

"నేనేమంట సారూ" అన్నాడు గాబ్రియేలు.

నిజమే. ఆయన ఎప్పుడేమన్నాడు గనుక.

పిల్లలు వచ్చారు. ఎండకు రెండో రోజే పండుమిరపకాయల్లా ఎర్రబడ్డారు. వాళ్ళలో ఇంగ్రిడ్ అని డెన్మార్కు పిల్ల, పదిహేడేళ్ళది, తాటిచెట్టంత పొడుగు. నిక్కరు తొడుక్కొని పనికొచ్చింది. సున్నం తట్టలు మోసే ఐలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఓ నర్సింగమన్నా, ఆడిపోరి లాగు తొడిగింది సూసినవా?"

"నువ్వు గూడ తొడుగు. చీరెకు సున్నమంటదు."

"నీ పెండ్లాముకు తొడుగుపో."

ఆ పొద్దే ఇంగ్రిడ్ పేర్చిన నాలుగో రాయి కదిలింది. గాబ్రియేలు సుత్తె పిడితో రెండుసార్లు తట్టాడు. తీశాడు. తెచ్చి ఆ పిల్ల కాళ్ళ ముందు పెట్టాడు. ఐలమ్మ తట్ట నెత్తి మీద పెట్టుకునే ఆగిపోయింది.

ఇంగ్రిడ్ రాయిని చూసింది. మేస్త్రిని చూసింది. ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించి థాంక్యూ అని, ఆ రాయిని ఎత్తి మళ్ళీ అదే వరసలో పెట్టుకుంది.

నర్సింగం గోడ చాటుకు పోయాడు. భుజాలు ఊగడం మాత్రం కనిపించింది.

సాయంత్రానికి ఇట్లా ఐదారుసార్లయింది. పిల్లలు అనుకున్నదేమిటంటే, ఈ ముసలి మేస్త్రి మాట్లాడడు గానీ మనసు మంచిది, రాళ్ళలో మంచి రాయి ఏరి తనే తెచ్చి ఇస్తాడు అని. ఎవరికి ఎక్కువ రాళ్ళిస్తాడా అని వాళ్ళలో వాళ్ళకు పోటీ కూడా మొదలైంది. గాబ్రియేలుకు ఏం చెయ్యాలో తోచలేదు. జీవితంలో మొదటిసారి ఆయన తిట్టిన తిట్టు అవతలివాళ్ళకు బహుమానంలా అందింది. పొద్దు గూకి వాళ్ళు హాస్టలుకు పోయినాక, తనూ నర్సింగమూ మిగిలి, ఆ రాళ్ళన్నీ తీసి సరిగ్గా పేర్చి ఇంటికి పోయేవాళ్ళు. పొద్దున్నే పిల్లలు వచ్చి తమ గోడ చూసుకొని మురిసిపోయేవాళ్ళు. పది రోజులు ఇట్లాగే గడిచాయి. గోడ నడుము ఎత్తుకు వచ్చింది. గోడ మంచిదే.

పదకొండో రోజు కుల్చారం నుంచి మనిషి వచ్చాడు. గాబ్రియేలు చెల్లె ఎలిశిబా కాలం చేసింది. ఆయన ఉన్నపళంగా పోయాడు. మట్టి ఇచ్చి, చెల్లె పిల్లలను ఒక దారికి తెచ్చి రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ మధ్యలోనే నర్సింగం దర్వాజా మీద వేసే రాయి కోసం బండి కట్టుకొని శివ్వంపేట దిక్కు పోయాడు.

గురువారం మధ్యాహ్నం గాబ్రియేలు తిరిగి వచ్చేసరికి గోడ ఆయన తల మీదికి లేచింది. పిల్లలు వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. ఆదివారం ఆరాధన అయిపోయినాక బడి తెరవడం. సోమవారం పిల్లల ప్రయాణం.

గాబ్రియేలు గోడ వెంట ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాడు. గోడ ముఖం బాగుంది. దారం పట్టినట్టు వరసలు. కానీ ఆయన చూసేది వరసలను కాదు.

రాతి గోడ చూడడానికి ఒకటే గోడ గానీ నిజానికి రెండు. బయటి ముఖం ఒకటి, లోపలి ముఖం ఒకటి. నడుమ చిన్న రాళ్ళూ సున్నమూ పోస్తారు. ఈ రెండు ముఖాలనూ కలిపి పట్టేది పొడుగు రాయి. గోడ ఆ పక్క నుంచి ఈ పక్క దాకా నిండుగా పడుకుంటుంది. నాలుగడుగులకు ఒకటైనా ఉండాలి. అది లేని గోడ ఎండాకాలమంతా బాగానే ఉంటుంది. నడుమలోకి నీళ్ళు దిగిన నాడు రెండు ముఖాలూ అలిగిన అన్నదమ్ముల్లా చెరో దిక్కుకు పోతాయి.

నడుము ఎత్తు దాకా పొడుగు రాళ్ళ తలలు కనిపించాయి. అక్కడి నుంచి పైకి ఒక్కటీ లేదు. వేపచెట్టు కింద నర్సింగం చెక్కి పేర్చిన పొడుగు రాళ్ళ కుప్ప కూడా లేదు.

ఇంగ్రిడ్ సంబరంగా ఏదో చెప్పింది. లిడియా తాత ముఖం చూడకుండా తెలుగులో చెప్పింది.

"పెద్ద రాళ్ళు ఎత్తలేక ఐలమ్మోళ్ళు పరేషానయితుండ్రని, వీళ్ళే సుత్తెతోని రెండు ముక్కలు చేసిండ్రట తాతా. ముక్కలైతె రెండు దిక్కుల మంచిగ కూసున్నయట."

ఇంగ్రిడ్ చేతిలో నోటుపుస్తకం ఉంది. ఇంకో మాట అడిగింది.

"పాత గోడ ఎందుకు పడ్డదని అడుగుతున్నది. రాసుకుంటదట."

గాబ్రియేలు వాగు దిక్కు చూశాడు. ఎండాకాలం వాగు, నడుమ ఒక సన్నటి నీటి చార తప్ప ఇసుకే.

"వాగు" అన్నాడు.

లిడియా ఆ ఒక్క మాటను పెద్ద వాక్యం చేసి చెప్పింది. ఇంగ్రిడ్ రాసుకుంది.

ఆ సాయంత్రం ఇంటి ముందు అరుగు మీద లిడియా ఒక కాగితం పెట్టుకొని కూర్చుంది. ఆదివారం అందరి ముందూ చదవడానికి పిల్లలు రాసిన కాగితం అది. తెలుగులోకి మార్చే పని ఆమెది.

"ఏం రాసిండ్రు?" అన్నాడు గాబ్రియేలు.

తాత అడిగి తెలుసుకోవడం కొత్త. లిడియా చదివింది. "మా మేస్త్రి మా పనిలో ఒక్క తప్పు కూడా పట్టలేదు. మంచి రాళ్ళు తనే ఏరి మా కాళ్ళ దగ్గరికి తెచ్చి పెట్టాడు. మా జీవితంలో ఇంత ప్రేమగల మనిషిని చూడలేదు."

గాబ్రియేలు అరుగు కొసన కూర్చున్నాడు.

"కాళ్ళ ముందు రాయి వెడితె ఏందో నీకెర్కనా?"

లిడియా కాగితం మడిచింది. విప్పింది. "ఎర్కనే."

"చెప్పలే."

"సారు ఏమనొద్దన్నడు." కొంచెం ఆగి, "సిలోను పోవుడు ఆగిపోతదనుకున్న తాతా" అంది.

"అందరు నీకు నా నోరు రాలేదంటరు" అన్నాడు గాబ్రియేలు. "వచ్చింది."

అది తిట్టో, జాలో లిడియాకు తెలియలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు.

"పాత గోడను వాగు తీస్కపోలే."

"మరి?"

"పొడుగు రాళ్ళు మూడు గోడలకే సరిపొయినయి. ఇంక తెప్పియ్యాలంటె పది దినాలు పడ్తది. బడి తెరిచే తారీఖు వెట్టిండ్రు. అందరు తొందర వడ్డరు. నేను గూడ వడ్డ. నడుమల కంకర వోసి మూసిన. పైకి మంచిగనే కనవడ్డది."

"ఎవ్వరికి చెప్పలేదా?"

"నర్సింగం సూసిండు. వాడు గూడ అన్లే. మూడు గోడలు నిలవడ్డయని మంది నన్ను మెచ్చుకుంటుంటె నిలవడి ఇన్న." ఆయన చేతులకు అంటిన సున్నం గోకుకుంటూ కూర్చున్నాడు. "వాగొచ్చింది ఆదివారం గాబట్టి బడిల ఎవ్వలు లేరు. బుధారం వచ్చి ఉంటె, నలభై మంది పిల్లలు బిడ్డా."

తాత నోట ఒక్కసారి అన్ని మాటలు లిడియా ఎప్పుడూ వినలేదు.

"రేపు చెప్తవా?"

"నేను చెప్త. వాళ్ళకు నువ్వు చెప్పాలె."

లిడియా కాగితం మడిచి లేచింది. లోపలికి పోయి పొయ్యి అంటించింది.

శుక్రవారం పొద్దున ఆశీర్వాదం సారు బడి దగ్గరికి వచ్చి, కుర్చీలు ఎక్కడ వేయాలి, మామిడి తోరణం ఎక్కడ కట్టాలి అని చూపిస్తున్నాడు. లార్సెన్ దొర పక్కనే ఉన్నాడు. నర్సింగం కూడా శివ్వంపేట నుంచి రాయి తెచ్చి అప్పుడే బండి విప్పాడు. వచ్చీ రాగానే గోడను ఒక్కసారి చూసి, వేపచెట్టు కింద చూసి, బండి నొగ మీద కూలబడ్డాడు.

గాబ్రియేలు అందరి నడుమకు వచ్చి నిలబడ్డాడు.

"సారూ, గోడ ఇప్పాలె."

ఆశీర్వాదం సారు తోరణం వదిలేశాడు. "ఏ గోడ?"

"గిదే. నడుము మీదికి కట్టిందంత."

"మేస్త్రీ! ఎల్లుండి తెరుస్తున్నం. గోడ మంచిగనే ఉన్నది గద!"

"పోయినసారి గూడ మంచిగనే ఉండె సారూ."

సారు ముఖం మారింది. పొడుగు రాళ్ళ సంగతి, పాత గోడ సంగతి గాబ్రియేలు నాలుగు మాటల్లో చెప్పాడు. ఎంత తక్కువ మాటల్లో చెప్పాడంటే, ఐలమ్మ పక్కామెను గిల్లి "మల్ల చెప్పమనవే" అంది. అందరూ లిడియా దిక్కు చూశారు. ఇంగ్రిడ్ కూడా చూస్తూ ఉంది.

"లిడియా, జర ఆగు. ముందుగాల మేం మాట్లాడుకుంటం. అంతదాక చెప్పకు" అన్నాడు సారు.

లిడియా ఆగింది. ఆమె తాతను చూడలేదు, సారునూ చూడలేదు. గోడను చూసింది. తర్వాత ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అంతా చెప్పింది. పొడుగు రాళ్ళ గురించి, పాత గోడ గురించి, చివరికి కాళ్ళ ముందు పెట్టిన రాయి గురించి. ఆ అర్థం తనకు మొదటి నుంచీ తెలుసనీ, తనే చెప్పలేదనీ కూడా చెప్పింది. ఆ చివరి ముక్క ఎవరూ చెప్పమనలేదు.

ఇంగ్రిడ్ ముఖం దాసానిపువ్వులా ఎర్రబడింది. ఏదో అడిగింది.

"మొత్తం ఎన్నిసార్లు పెట్టిండని అడుగుతున్నది" అంది లిడియా.

"లెక్కెవరు వెట్టిండ్రు" అన్నాడు నర్సింగం బండి మీది నుంచే. "అండ్ల పోటీలు వెట్టుకుంటిరి గద, మీకే ఎర్క. ఎవరికి ఎక్కువొస్తె వాడే ఫస్టు."

లిడియా అది కూడా చెప్పేసింది. పిల్లల్లో ఒకడు పకపకా నవ్వాడు, వాడికే ఎక్కువ వచ్చాయి. ఇంగ్రిడ్ నవ్వలేదు. గోడ దగ్గరికి పోయి, చూపించమన్నట్టు చెయ్యి చాపింది. గాబ్రియేలు గోడ పైవరసలో ఒక రాయి సందున గడ్డపార మొన పెట్టి కొంచెం ఒత్తాడు. బయటి ముఖం ఒక వేలెడు పక్కకు జరిగింది. లోపలి ముఖం కదలలేదు. నడుమ నుంచి కంకర గలగలా కిందికి జారిన చప్పుడు అందరికీ వినిపించింది.

లార్సెన్ దొర చాలాసేపు ఆ సందులోకి చూశాడు. ఆయన చెప్పిన మాట లిడియా మెల్లగా చెప్పింది. సోమవారం ప్రయాణం మారదు. విప్పి మళ్ళీ కట్టాలంటే రోజులు చాలవు. పని పూర్తి కాలేదని ఉన్నది ఉన్నట్టే రాయాల్సి వస్తుంది.

ఆశీర్వాదం సారు ఒక రాయి మీద కూర్చున్నాడు. కోపం కూడా పోయింది మనిషికి.

"రెండేండ్లు ఉత్తరాలు రాసిన మేస్త్రీ."

"ఎర్కనే సారూ."

"ఆ మాట అప్పుడే ఒక్కసారి అంటె ఏమైతుండె?"

సారు అడిగింది ఏ అప్పుడు గురించో గాబ్రియేలుకు తెలియలేదు. కుల్చారం పోకముందా, పాత గోడ కట్టిన నాడా. రెండుసార్లూ ఆయన నోరు విప్పలేదు.

ఐలమ్మ నెత్తి మీది చుట్టకుదురు సరిచేసుకుంది. "మోసిన రాళ్ళే మల్ల మోయాలెనా? మంచిగున్నది సంబడం." ఒక ఘడియ ఆగి, "మోద్దాం తియ్యుండ్రి. అండ్ల కూసునేది మా పోరగాండ్లే గదా" అంది.

ఇంగ్రిడ్ లిడియా చెవిలో ఏదో చెప్పింది.

"తాతా, కట్టుడు సరిగ నేర్వలేదట. కూలగొట్టుడన్న నేర్పుతవా అని అడుగుతున్నది."

గాబ్రియేలు ఆ పిల్లను చూశాడు. తల ఊపాడో లేదో ఎవరికీ తెలియలేదు. గడ్డపార తీసుకొని పక్కన పెట్టి ఆ పూటకు ఇంటికి పోయాడు.

ఆ ఏడు సంఘంలో కలిసిన కొత్త బడి మెదకుది కాదు. సిలోను పోయిన ఇద్దరిలో లిడియా లేదు. ఎన్నో ఏళ్ళకు ఆమె పంతులమ్మ అయి ఆ వాగు ఒడ్డు బడికే వచ్చింది. అదంతా తర్వాతి మాట.

మర్నాడు శనివారం. పెద్ద గుడి గోపురం కొసన ఎండ పడే వేళకు గాబ్రియేలు సుత్తె చేతబట్టుకొని బడికి వచ్చాడు. తనే ముందనుకున్నాడు. పన్నెండు మంది పిల్లలూ అప్పటికే వచ్చి వేపచెట్టు కింద కూర్చొని ఉన్నారు. లిడియా వాళ్ళ నడుమ ఉంది. పొద్దున లేచి తాతకు చెప్పకుండా వచ్చింది. నర్సింగం కొత్తగా నాలుగు పొడుగు రాళ్ళు చెక్కడానికి ముగ్గుపిండితో గీతలు గీసి పెట్టుకున్నాడు.

గాబ్రియేలు గోడ పక్కన కట్టిన గుంజల మంచె మీదికి ఎక్కాడు. అన్నిటికంటే పై రాయిని సుత్తె పిడితో తట్టాడు, రెండుసార్లు. రాయిని బయటికి తీసి, రొమ్ముకు ఆనించుకొని ఒక్కొక్క మెట్టే దిగాడు. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. ఇంగ్రిడ్ ముందుకు వచ్చి, రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకొని, ఆ రాయి తనదే అన్నట్టు తల వంచుకొని ఎదురుచూసింది. లిడియా కూడా ఆమె పక్కకు వచ్చి నిలబడింది.

గాబ్రియేలు వాళ్ళిద్దరి ముందు నుంచీ నడిచిపోయాడు. గోడకు ఎదురుగా, పాత గోడ కట్టిన నాడు తను నిలబడిన చోటే నిలబడ్డాడు. వంగి ఆ రాయిని తన కాళ్ళ ముందు పెట్టుకున్నాడు.

కాసేపు దాన్ని చూశాడు. తర్వాత రెండో రాయి కోసం ఎక్కాడు.